తినకుండా గెలిపిద్దామనుకున్నాం

మేం చేసింది మంచో చెడో నాకు ఇప్పటికీ తేలలేదండి. పాస్టరు గారిని అడిగితే ఒక మాట చెప్పారు. మా చర్చి అక్కల్ని అడిగితే తలో మాటా చెప్పారు. ఆఖరికి ఆ అబ్బాయినే అడిగాను, వాడు నవ్వాడు. నా బుర్ర మాత్రం ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్తాను, మీకేమైనా తేలితే తేల్చుకోండి.

నేను ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ వాళ్లింట్లో వంట చేస్తాను. మాది గోదావరి లంక ఊరు. ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. శుక్రవారం పొద్దుట నాకు సెలవు, మూడింటికల్లా మళ్లీ వంటింట్లో ఉండాలి. ఆ కాస్త పూటా చర్చికి వెళ్లొస్తాను. శుక్రవారం మా చర్చి కాంపౌండ్ చూడాలండి, కింద హాల్లో మలయాళం వాళ్లు, పక్కన ఫిలిప్పీనోలు, వెనకాల రేకుల షెడ్డులో ఇథియోపియా వాళ్లు, మేడ మీద చిన్న గదిలో మేం. మేం నలభై మందిమి ఉంటే ముప్పై అయిదు మంది ఆడవాళ్లమే. అందరం ఇళ్లల్లో పనులు చేసుకునేవాళ్లం, ఇద్దరు ముగ్గురు నర్సులు.

ఒక శుక్రవారం పాట మధ్యలో తలుపు దగ్గర వెలుతురు ఆగిపోయింది. ఏంటా అని తిరిగి చూస్తే ద్వారం నిండా మనిషి. అమ్మ బాబోయ్, ఆ భుజాలేంటి, ఆ మెడేంటి! తలొంచుకుని లోపలికొచ్చాడు, వెనకాల చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. దారి తప్పాడేమో అనుకుని మా నర్సమ్మ వెళ్లి, ఇంగ్లీషు ఆరాధన సాయంత్రం బాబూ అని చెప్పింది. శుక్రవారాలు సాయంత్రం నాకు డ్యూటీ, ఈ టైంలో ఖాళీగా చాప ఉన్నది మీ దగ్గరే అన్నాడట. మళ్లీ పాట ఎత్తుకున్నాం. రాగం వాడికి తెలిసిందే. మాటలు వాళ్ల భాషలో, గొంతు పాతాళంలో. మా సన్నటి గొంతులన్నిటికీ అడుగున పీట వేసినట్టయింది.

అప్పటినుంచీ ప్రతి శుక్రవారం వచ్చేవాడు. మా ముందునుంచి వెళ్లాల్సొస్తే నడుం వంచి, చెయ్యి కిందికి పెట్టి, ఏదో గొణుక్కుంటూ వెళ్లేవాడు. వాళ్ల దేశంలో పెద్దవాళ్లు కూర్చుని ఉంటే నిటారుగా నడవకూడదట. భోజనాల దగ్గర గిన్నె లాక్కుని అందరికీ తనే వడ్డించేవాడు. మేం చేతులు కడుక్కున్నాక గానీ కూర్చునేవాడు కాదు. "అబ్బ, ఏం పెంపకం! మన పిల్లలూ ఉన్నారు ఎందుకూ?" అని మురిసిపోయేవాళ్లం. కళ్లెదురుగా చూస్తూ కూడా అది మర్యాద అనుకున్నామే గానీ, వాడికి అది విడవడానికి వీల్లేని కట్టుబాటని మాకు తట్టలేదు. ఆ తట్టకపోవడమే కొంప ముంచింది.

వాడిది సమోవా. ఎక్కడుందని అడిగితే ఫోన్లో చూపించాడు. అంతా సముద్రం, అందులో ఈగ వాలినట్టు రెండు చుక్కలు. పదిహేనో ఏట ఆస్ట్రేలియాలో మేనత్త దగ్గరికి పంపారట, రగ్బీ ఆడటానికి. చదువుకోడానికి కాదండీ, ఆటకి! ఊరంతా వచ్చి సాగనంపారట. బళ్లో ఆడాడు, ఒక పెద్ద క్లబ్బు కుర్రాళ్ల జట్టులో ఆడాడు. ఇంక పెద్ద జట్టులోకి తీసుకుంటారనగా భుజం విరిగింది. ఆపరేషన్ అయ్యేలోపు వాడి చోట్లో ఇంకొకణ్ని పెట్టుకున్నారు. మాంసం ఫ్యాక్టరీలో పెట్టెలు మోశాడు. తర్వాత వాళ్ల బంధువెవరో సెక్యూరిటీ పని ఉందంటే ఇక్కడికొచ్చాడు. సులైబియాలో కూరగాయల గోడౌను కాపలా. ఇరవై అయిదేళ్లు. ఊరు ఊరంతా వచ్చి సాగనంపినవాడు ఉల్లిపాయల బస్తాలకి కాపలా కాస్తున్నానని అమ్మకి చెప్పలేదట. ఆర్మీ వాళ్ల దగ్గర పనని చెప్పాడట.

ఒకసారి వాడి ఆట చూడ్డానికి వెళ్లాను. శుక్రవారం చర్చి అయ్యాక, ఇక్కడుండే తెల్లవాళ్లూ వాళ్లూ కలిసి ఆడుకునే మైదానం. కోడిగుడ్డులాంటి బంతి. ముందుకి పరిగెత్తాలి, బంతి మాత్రం వెనక్కే విసరాలి. ఇదేం చోద్యం? నలుగురు మీదపడి ఒకణ్ని నేలకేసి కొడతారు. సరే పడ్డాడు కదా అనుకుంటే వదిలేస్తారు, వాడు లేచి బంతిని కాలితో వెనక్కి నెడతాడు, మళ్లీ కొడతారు. అలా ఆరుసార్లు, తర్వాత బంతి అవతలివాళ్లకి. "ఒరేయ్ చంపేస్తున్నార్రా!" అని నేను అరుస్తుంటే పక్కనున్న ఇంగ్లీషావిడ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. మా వాడు లేచిన ప్రతిసారీ ఇద్దర్ని ఈడ్చుకుంటూ లేచాడు. ఆట అర్థం కాలేదు గానీ వాడు ఉల్లిపాయల కాపలాకి పుట్టలేదని మాత్రం నాకు బాగా అర్థమైంది.

డిసెంబరులో కబురొచ్చింది. ఇంగ్లండులో ఒక క్లబ్బు చలికాలం సాధనకి దుబాయ్ వస్తోంది. వీడి వీడియోలు చూశారు. శనివారం వచ్చి కనపడమన్నారు. కాయితంలో బరువు రాయమంటే నూట తొమ్మిది కిలోలని రాశాడు. వాడు ఆడే చోట ఆ బరువు ఉండాలట. ఇదే ఆఖరి తలుపు ఆంటీ, అన్నాడు. ఇరవై ఆరు దాటితే కొత్తవాణ్ని ఎవరూ చూడరట.

ఇంక మేం ఊరుకుంటామా? మాకు వీసా ఆగినా, కూతురి పరీక్షలైనా, యజమాని కఫీల్ మా ఇఖామా కాయితాలు చెయ్యించకపోయినా తెలిసిన పని ఒక్కటే, ఉపవాస ప్రార్థన. ముందు అన్నది నేనే. నా నోటితోనే అన్నాను. బుధవారం పొద్దుట మొదలుపెట్టి శనివారం వాడి పరీక్ష అయ్యేదాకా నీళ్లు తప్ప ఏదీ ముట్టుకోవద్దు అన్నాను. పద్దెనిమిది మంది చేతులెత్తారు. ఎవరిళ్లల్లో వాళ్లం పని చేసుకుంటూనే ఉంటాం, తెల్లారగట్ల ఇంట్లోవాళ్లు లేవకముందు ఫోన్లో అందరం కలిసి ప్రార్థన చేస్తాం. ఆ అబ్బాయికి నర్సమ్మ చేత చక్కగా ఇంగ్లీషులో చెప్పించాను. నువ్వు మాత్రం తినాలి, మేం ఉంటాం అని. తలూపాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి నేనింకా పొంగిపోయాను.

మూడు రోజులు వంటింట్లో మాంసం వేయించుకుంటూ, వాసన పీల్చుకుంటూ, గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇంటి యజమానురాల్ని మేం మామా అంటాం. ఆవిడ చూసి "ఏంటి, రమదాన్ ఇంకా రాలేదుగా?" అంది. కడుపులో బాగోలేదు మామా అన్నాను. నేను ఉపవాసం ఉన్నా వాడికి మాత్రం బుధవారం, గురువారం డబ్బా కట్టాను. కోడికూర, ఆరు గుడ్లు, అన్నం. మా వీధి చివర జమియా కొట్టుకి గోడౌను నుంచి కూరగాయల వ్యాను వస్తుంది. ఆ వ్యాను తోలేది రాయచోటి తమ్ముడొకడు, ముస్లిం పిల్లాడు, ఆ సమోవా అబ్బాయితో ఒకే గదిలో ఉంటాడు. అతని చేతికిచ్చి, "దగ్గరుండి తినిపించు తమ్ముడూ" అన్నాను. "యల్లా అక్కా, నువ్వు దిగులు పెట్టుకోవద్దు" అని తీసుకెళ్లాడు. రెండు రోజులూ డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. శుక్రవారం వాడు దుబాయ్ విమానం ఎక్కాడు. ఇంకేం కావాలి నాకు?

శనివారం మధ్యాహ్నం దాటింది, కబురు లేదు. ఆదివారం లేదు. సోమవారం ఒక్క మెసేజి. తీసుకోలేదు ఆంటీ, థాంక్యూ.

తర్వాతి శుక్రవారం వచ్చాడు. మా దగ్గర ఎవరికోసం ప్రార్థన చేస్తే వాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. లేచాడు. నన్ను తీసుకోలేదు, కానీ నా కోసం ఇంతమంది తల్లులు ఆకలితో ఉన్నారు, ఇది నేను చచ్చేదాకా మర్చిపోను అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అంతా దేవుని చిత్తం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చిత్తం? పద్దెనిమిది మంది కడుపు మాడ్చుకుంటే, ఒక్క మాట వినడానికి ఆయనకేమైంది? బయటికొచ్చి చెప్పులేసుకుంటూ పైకి చూసి గట్టిగానే అడిగాను. ఇద్దరు మలయాళీలు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు.

గేటు దగ్గర రాయచోటి తమ్ముడు వ్యానులో ఉన్నాడు, వాణ్ని తీసుకెళ్లడానికి వచ్చాడట. నా మొహం చూసి దిగాడు. కీ చేతిలో తిప్పుకుంటూ, "అక్కా, ఒక మాట జెప్తా, తిట్టద్దు" అన్నాడు. "నువ్వు పంపిన డబ్బాలు మేమే తింటిమి. వాడు మాకు పెట్టి, పక్కన కూసోని నీళ్లు తాగుతా ఉండె. నీకు జెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్యాడు. దుబాయ్‌లో తూకం ఎక్కితే నూట మూడు వచ్చిందంట. పరుగు పెట్టమంటే సగంలో కూలబడినాడంట. కాయితంలో అబద్ధం రాసినావు, అబద్ధాలాడేటోడు మాకొద్దు అనిరంట."

ఆకలితో ఓడిపోతే ఓడిపోయాడు, అబద్ధాలకోరని అనిపించుకున్నాడు! అదీ మా వల్ల. మా వల్ల ఏంటి, నా వల్ల.

వాడు మెట్లు దిగి వస్తున్నాడు. అగ్గిమీద గుగ్గిలంలా మీదికెళ్లాను. ఇంగ్లీషు, అరబ్బీ, తెలుగు అన్నీ కలిపి తిట్టాను. "నిన్ను తినమన్నానా లేదా? తలూపావా లేదా? ఎందుకూపావు మరి?"

తల వంచుకునే చెప్పాడు. పెద్దవాళ్లు చెప్తే కాదనకూడదు, అందుకని ఊపానన్నాడు. మా ఇంట్లో పెద్దవాళ్లు తిన్నాకే మేం తింటాం, అలా కాకుండా పుట్టాక ఒక్కసారీ తినలేదు అన్నాడు. "రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని చూశాను ఆంటీ, దిగలేదు. మీరు తినమన్నారు. కానీ మీరు తినలేదు."

నేను వాడి కోసం తినలేదు, నేను తినలేదని వాడు తినలేదు. ఇందులో తప్పెవరిది? నాకు తెలిస్తే ఒట్టు.

ఆ రోజు మూడింటికి ఇంటికొచ్చి, వాళ్లందరికీ వడ్డించి, గిన్నెలు తోమి, అయిదింటికి నా ప్లేటు పట్టుకుని స్టోరు గదిలో కూర్చున్నాను. ఈ ఇంట్లో నా తిండి ఆఖర్నే. అది బాధపడాల్సిన సంగతిగా నేనెప్పుడూ అనుకోలేదు, పనివాళ్లకి ఎక్కడైనా అంతే. కానీ ఆ రోజు ఉన్నట్టుండి తట్టింది. పదకొండేళ్లలో నేను తిన్నానా లేదా అని చూసి తిన్న మనిషి ఈ దేశంలో వీడొక్కడే. దానికి వాడికి బతుకులో ఆఖరి తలుపు మూసుకుపోయింది. ఏడుపొచ్చింది. మనసారా ఏడ్చాను.

మర్నాడు జమియా దగ్గర రాయచోటి తమ్ముణ్ని పట్టుకుని, ఆ క్లబ్బు మనిషికి మెసేజి పెట్టించాను. వాడికి తెలిస్తే ఒప్పుకోడు, వాడికి చెప్పకుండానే నంబరు తియ్యించాను. తమ్ముడు ఇంగ్లీషులో రాశాడు. సార్, కుర్రవాడు అబద్ధం రాయలేదు, రాసినరోజు నూట తొమ్మిదే ఉన్నాడు, మూడు రోజులు అన్నం తినలేదు, మేం చర్చివాళ్లం ప్రార్థన చేశాం, తప్పు నాది, ఇట్లు వంటామె. చదివి వినిపిస్తే నాకే పిచ్చి మెసేజిలా వినిపించింది. అయినా పంపించాం.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వాడికే ఫోనొచ్చింది, ఆ క్లబ్బు నుంచి కాదు, అదే దేశంలో ఇంకో చిన్న క్లబ్బు నుంచి. ఎనిమిది వారాలు, వారానికొకసారి తూకం ఎక్కి వీడియో పంపు, నూట పది దాటితే టికెట్టు పంపుతాం, మూడు నెలలు ఆడించి చూస్తాం అన్నారు. మా మెసేజి చూసే చేశారా, ఉత్తినే చేశారా, ఇప్పటికీ తెలీదు.

చర్చిలో ఈ సంగతి చెప్పగానే మా అక్కలు ఏమన్నారో తెలుసా? "అయితే ఈసారి ఏడు రోజులుందాం!" నేను లేచి నిలబడ్డాను. "ఉపవాసం అని ఎవరి నోటంట వచ్చినా ఊరుకోను. ఈసారి అందరూ తినండి. వాడి ఎదురుగా తినండి. ముందు తినండి." పాస్టరు గారు ఏదో అనబోయి, నా వాలకం చూసి కూర్చున్నారు.

అలా ఎనిమిది శుక్రవారాలు నేను వాడి ముందు కూర్చుని ప్లేటు ఖాళీ చేసేదాన్ని, ఆకలున్నా లేకపోయినా. తర్వాత వాడు తినేవాడు. నలుగురి తిండి. కానీ మిగతా ఆరు రోజుల సంగతేంటి? గోడౌనులో ఒంటిగంటకి వాడికి భోజనం బ్రేకు. నేర్చుకున్న రెండు తెలుగు ముక్కల్తో రోజూ ఫోన్ చేసేవాడు. "ఆంటీ, తిన్నారా?" నేను తినేది సాయంత్రం. అది చెప్తే సాయంత్రందాకా ఆగుతాడు. అందుకని రోజూ ఒకటే అబద్ధం. "తిన్నాను బాబూ, నువ్వు తిను." ఉల్లిపాయల బస్తాలు తూచే పెద్ద కాటా మీద నిలబడి వారం వారం వీడియో తీయించుకున్నాడు. నూట అయిదు, నూట ఏడు, నూట ఎనిమిదిన్నర. ఎనిమిదో వారం నూట పదకొండు. నాకిక్కడే తల తిరుగుతుంది. నిజంగా ఉన్న ఉపవాసం వాణ్ని ముంచింది, నేను తినని అన్నం వాణ్ని గట్టెక్కించింది. దేవుడు ఏది విన్నట్టు? పాస్టరు గారు దీనికి రెండు శుక్రవారాలు ఆలోచించి, "ఆయన మార్గాలు వేరమ్మా" అన్నారు. అది నాకూ తెలుసు.

వెళ్లాడు. అక్కడినుంచీ రోజూ అదే ఫోను, నాదీ అదే అబద్ధం. మూడు నెలలు ఆడించారు. ఒక ఏడాదికి కాంట్రాక్టు రాసిచ్చారు. వాడు ఫోన్లో చెప్తే నేను వంటింట్లో గెంతాను, ఈ మోకాళ్లతో! వాళ్లమ్మకి అప్పుడు చెప్పాడట, కువైట్‌లో ఏం పని చేశాడో కూడా.

మొదటి పెద్ద ఆట ఆదివారం. ఆ రోజు మా ఇంట్లో మామా అక్కచెల్లెళ్లకి విందు. పొద్దుటినుంచీ ఊపిరాడలేదు. రెండు దాటింది, హాల్లో ఆడవాళ్ల మాటలు, నవ్వులు. పెద్ద పళ్లెంలో అన్నం పోసి, దాని మీద మేకమాంసం పేర్చి, వేయించిన ఉల్లిపాయలు చల్లి, ఇంక మోసుకెళ్లడమే అనగా ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎప్పుడూ అలా చెయ్యడు.

పొడుగాటి బల్ల, చుట్టూ పెద్ద పెద్ద మనుషులు ఆబగా తింటున్నారు. మా వాడి ముందు ప్లేటు నిండా ఉంది, చెయ్యి పెట్టలేదు. ఇంకో మూడు గంటల్లో ఆట.

"ఆంటీ, తిన్నారా?"

"తిన్నాను బాబూ, తిను" అనేశాను. నెలల తరబడి అలవాటు కదా, నోరు దానంతటదే అనేసింది.

వాడు నా మొహం చూళ్లేదు. నా వెనక చూశాడు. చెయ్యి పడని పళ్లెం, కడిగి బోర్లించిన నా ప్లేటు. చిన్నగా నవ్వాడు. "రోజూ ఇంతేనా ఆంటీ?" అన్నాడు ఇంగ్లీషులో. ఫోర్కు పక్కన పెట్టేశాడు. "పర్లేదు. నేను ఆగుతాను."

ఆగుతాడండీ! ఎంతసేపైనా ఆగుతాడు. వీడి సంగతి నాకు తెలీదా? మళ్లీ సగంలో కూలబడతాడు, మళ్లీ నా వల్లే. హాల్లోంచి మామా పిలుస్తోంది. ఆ పళ్లెం అలాగే తీసుకెళ్తే నేను తినేది మళ్లీ అయిదింటికి. నా ప్లేటు తియ్యడానికి కూడా వెళ్లలేదు. అతిథుల కోసం పేర్చిన పళ్లెంలో చెయ్యి పెట్టాను. పైనున్న పెద్ద ముక్క తీసి, అన్నంతో కలిపి, ఫోన్ ఎదురుగా నోట్లో పెట్టుకున్నాను. వేడి, నాలుక కాలింది. నమిలాను. మింగాను.

తల తిప్పితే మామా తలుపు దగ్గర నిలబడి ఉంది. పళ్లెంలో గుంట చూసింది, నా చెయ్యి చూసింది.

"ఏంటిది?" అంది.

ఏదైనా సర్దిచెప్పచ్చు, ఉప్పు చూశాననచ్చు. అలాంటివి నాకు కొత్త కాదు.

"ఆకలేస్తోంది మామా" అన్నాను.

పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ అక్కడే నిలబడింది. ఫోన్లో వాడు ఫోర్కు తీసుకున్నాడు. నేను రెండో ముద్ద పెట్టుకున్నాను.